ఈత బ్రీఫ్ వేసుకోవాలా, వద్దా? మగవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఐదున్నర బ్యాచ్‌లో ఈదడం మొదలుపెట్టి నాకు పదకొండేళ్ళయింది. కొత్తగా చేరిన మగవాళ్ళు మొదటి వారంలో నన్ను పక్కకు పిలిచి అడిగేది ఊపిరి తీసుకోవడం గురించో, కాళ్ళు ఆడించడం గురించో కాదు. చెడ్డీ గురించి. అదీ గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి. ఏటా వేసవి రాగానే అవే సందేహాలు, అదే గుసగుస. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## కొనేముందు

బ్రీఫ్ అంటే మామూలు కట్ డ్రాయరే కదా? దానికి ఇంత ధర దేనికి?

చూడ్డానికి అంతే. గుడ్డే వేరు. కట్ డ్రాయరు నూలుది, తడిస్తే బరువెక్కి వేలాడుతుంది. ఈత బ్రీఫ్‌ను నైలాన్‌తోనో పాలిస్టర్‌తోనో చేస్తారు, సాగడానికి లైక్రా కలుపుతారు. ముందువైపు లోపల ఇంకో పొర అస్తరు ఉంటుంది, నడుము పట్టీలో నాడా ఉంటుంది. ఇది నడుము మీద కాదు, తుంటి మీద నిలుస్తుంది. పక్కన గుడ్డ వెడల్పు 5 సెంటీమీటర్లవీ 7 సెంటీమీటర్లవీ దొరుకుతాయి. కొత్తవాళ్ళు 7కి తగ్గొద్దు. ఇక మోకాలి పైదాకా ఒంటికి అతుక్కుని ఉండేది జామర్, తొడ మొదట్లో ఆగిపోయేది ట్రంక్, జేబులతో వదులుగా ఉండేది బోర్డ్ షార్ట్. దుకాణాల్లో అన్నిటినీ కలిపి ‘కాస్ట్యూమ్’ అనేస్తారు. కాబట్టి పేరు చెప్పి ఊరుకోకుండా చేత్తో పట్టుకుని చూసి కొనండి.

ఇంట్లో వేసుకునే నిక్కరుతో దిగితే ఏమవుతుంది?

మా బ్యాచ్‌లో ఒకాయన రెండు జేబుల కాటన్ నిక్కరుతో దిగాడు. నీళ్ళలో బోర్లా పడుకోగానే జేబుల్లో గాలి నిండి, వెనక రెండు బూరెలు పొంగినట్టు పైకి లేచాయి. ఆ గాలి పోయాక నిక్కరు నీళ్ళు తాగింది, కాళ్ళు కిందికి దిగిపోయాయి. కోచ్ సార్ గట్టు మీద నుంచి, “ఈత నేర్చుకోడానికొచ్చినవా, బట్టలు జాడించడానికొచ్చినవా?” అన్నారు. నవ్వులాటకన్నా ఆ మాటలో విషయం ఎక్కువ. నేర్చుకునేవాడికి పెద్ద కష్టం కాళ్ళు మునిగిపోవడమే. వదులు గుడ్డ నీటిని అడ్డుకుని ఆ కష్టాన్ని రెట్టింపు చేస్తుంది.

పూల్ వాళ్ళ బాధ ఇంకొకటి. నూలు పీచు రాలి ఫిల్టర్లలో చేరుతుంది. రోడ్డు మీద, బండి మీద తిరిగిన నిక్కరుతో దిగితే దాని దుమ్మూ చెమటా సబ్బూ నీళ్ళలో కలుస్తాయి. వాటి మీద పడి క్లోరిన్ ఖర్చయిపోతుంది. ‘నైలాన్ కాస్ట్యూమ్ తప్పనిసరి’ అని గోడ మీద రాసేది అందుకే.

జామర్ వేసుకుంటే తొడలు కప్పుకుంటాయి కదా. మరి బ్రీఫ్ ఎందుకు?

సిగ్గే సమస్యయితే జామర్ వేసుకోండి. నేర్చుకునే దశలో రెంటికీ తేడా పెద్దగా తెలియదు. బ్రీఫ్ వైపు ఉన్న లాభాలు చిన్నవే గాని నిజమైనవి: ధర తక్కువ, తొందరగా ఆరుతుంది, బ్రెస్ట్ స్ట్రోక్‌లో, అంటే కప్పలా ఈదేటప్పుడు, కాళ్ళు విప్పితే తొడలను పట్టదు.

పోటీల్లో ఇప్పుడు మగవాళ్ళందరూ దాదాపు జామర్లలోనే కనిపిస్తారు. మునుపు అలా కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ 7 స్వర్ణాలు గెలిచింది బ్రీఫ్‌తోనే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ మెడ నుంచి మడమ దాకా కప్పే సూట్‌లో దిగాడు. ఆ తర్వాత పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన సూట్లొచ్చి, 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఈదుతున్నది మనిషా, సూటా అని గోల రేగింది. 2010 నుంచి మగవాళ్ళ సూట్ బొడ్డు దాటి పైకి, మోకాలు దాటి కిందికి ఉండకూడదని, నేత గుడ్డే వాడాలని నియమం పెట్టారు. ఆ హద్దుల్లో నిలిచింది జామర్. రోజువారీ సాధనలో మాత్రం చాలామంది ఈతగాళ్ళు ఇప్పటికీ బ్రీఫ్‌లోనే ఉంటారు. ఖరీదైన రేసు సూట్‌ను రోజూ క్లోరిన్‌లో నానబెట్టేవాడు ఎవడు?

డైవింగ్‌లోనూ, నీళ్ళలో బంతితో ఆడే వాటర్ పోలోలోనూ బ్రీఫ్ కదల్లేదు. పది మీటర్ల ఎత్తు నుంచి ఒళ్ళు ముడుచుకుని తిరిగేవాడికి వదులు గుడ్డ అడ్డమే. పోలోలో అయితే ప్రత్యర్థి చేతికి పట్టు దొరక్కూడదు.

సైజు ఎలా చూసుకోవాలి?

నా మొదటి బ్రీఫ్ కొన్నప్పుడు దుకాణంలో కుర్రాడు “ఒక సైజు పెద్దది తీసుకోండి సార్, ఫ్రీగా ఉంటుంది” అన్నాడు. విన్నాను. గోడను తన్ని ముందుకు దూకాను. నేను ముందుకు పోయాను, అది మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. నీళ్ళలోనే ఒంటికాలి మీద గెంతుతూ పైకి లాక్కున్నాను.

తడిస్తే ఈ గుడ్డ కాస్త వదులవుతుంది. కాబట్టి పొడిగా ఉన్నప్పుడు బిగుతుగానే అనిపించాలి. నడుము పట్టీ కిందికి రెండు వేళ్ళు దూరితే సరి, గుప్పెడు దూరితే పెద్దది. వెనక ముడతలు పడకూడదు. ఒకసారి గొంతు కూర్చుని లేవండి, కిందికి జారినా తొడ సందుల్లో కోసినా మార్చండి. కొలత టేపును బొడ్డు మీదుగా కాకుండా తుంటి ఎముకల మీదుగా పట్టాలి.

ఏ రంగు తీసుకోవాలి?

నలుపు, ముదురు నీలం. తెలుపూ లేత పసుపూ తడిస్తే పారదర్శకమవుతాయి, అస్తరు లేకపోతే మరీను.

## మొదటి రోజు

లోపల డ్రాయరు వేసుకోవాలా?

వద్దు. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. లోపల అస్తరు ఉండేది డ్రాయరు పనికే. నూలు డ్రాయరు మీద బ్రీఫ్ వేస్తే నీళ్ళు పట్టి ఉబ్బుతుంది, తొడలు ఒరుసుకుంటాయి, పట్టీ బయటికి కనిపించి మీరు దాచాలనుకున్నదాన్నే చాటి చెబుతుంది. నాడా లోపలి వైపు ముడి వేసుకోండి. నాడా వెనక్కి వచ్చిందంటే తిరగేసి వేసుకున్నట్టు. నవ్వకండి, ప్రతి వేసవిలోనూ ఒకరైనా ఉంటారు.

నాకు బొజ్జ ఉంది. బ్రీఫ్‌లో ఎబ్బెట్టుగా ఉండదా?

బొజ్జ జామర్‌లోనూ కనిపిస్తుంది. రెండూ దాని కిందే నిలుస్తాయి. ఐదున్నరకు పూల్‌కొచ్చే మగవాళ్ళలో సగం మంది డాక్టరు చెబితే వచ్చినవాళ్ళు, షుగరో మోకాళ్ళో నడుమో. అక్కడ బొజ్జ లేనివాడినే కొత్తగా చూస్తారు.

ఒంటి మీద వెంట్రుకలు తీసేయాలా?

అక్కర్లేదు. పెద్ద పోటీల ముందు ఈతగాళ్ళు గీయించుకునేది సెకనులో కొన్ని వందో వంతుల కోసం. మీకూ నాకూ ఆ లెక్కలు లేవు. పట్టీ బయటికి వచ్చేవి ఇబ్బందనిపిస్తే కత్తెరతో కురచ చేసుకోండి. బ్లేడు పెట్టిన రోజే క్లోరిన్ నీళ్ళలో దిగితే మండుతుంది.

మొలతాడు బయటికి కనిపిస్తోంది. తీసేయమంటారా?

తీయనక్కర్లేదు, పట్టీ లోపలికి నెట్టేయండి. దారం మొలతాడు అయితే ఈదాక తుడుచుకోండి, తడిగా ఉంటే నడుము దగ్గర ఒరుస్తుంది. వెండిది క్లోరిన్‌లో నల్లబడుతుంది, అది మాత్రం ఇంట్లో పెట్టి రండి. సరదా ఏమిటంటే, మన తాతల గోచీకి ఆధారం ఈ మొలతాడే. గుడ్డ పీలికను ముందూ వెనకా దీంట్లోనే దోపేవాళ్ళు. పక్కనే ఈత బ్రీఫ్ ఉందని మొలతాడు సిగ్గుపడాల్సిన పని లేదు.

డ్రెస్సింగ్ రూమ్ నుంచి నీళ్ళ దాకా అందరి ముందూ ఎలా నడవాలి?

అసలు ప్రశ్న ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు. సిగ్గంతా ఆ ముప్పై అడుగుల్లోనే ఉంది. నీళ్ళలో దిగాక నడుము కింద ఏం వేసుకున్నారో ఎవరికీ కనబడదు, చూసే తీరికా ఉండదు. ఎవడి ఊపిరి వాడికి ముఖ్యం.

నా మొదటి రోజు నేను తువ్వాలు చుట్టుకుని, గోడకు వీపు ఆనించినట్టు నడిచి, తువ్వాలును తలుపు దగ్గరి కొక్కేనికి తగిలించి, పరుగున వెళ్ళి దూకాను. క్లాసు అయ్యాక చూస్తే తువ్వాలు ఆ చివర, నేను ఈ చివర. అందరూ వెళ్ళేదాకా మెడ లోతు నీళ్ళలో నిలబడ్డాను. వేళ్ళు నానిన శనగల్లా అయ్యాయి.

కాబట్టి గట్టు దాకా తువ్వాలు కట్టుకునే రండి. షవర్ కింద తడుపుకుని, మీరు ఎక్కబోయే నిచ్చెన పక్కనున్న కుర్చీ మీద తువ్వాలు వేయండి. గట్టు మీద కూర్చుని కాళ్ళు దించి మెల్లగా జారండి. పైకి రాగానే మళ్ళీ కట్టుకోండి. దీన్ని పిరికితనం అనరు, పాతకాపులందరూ చేసేది ఇదే. పరుగెత్తడం మాత్రం వద్దు. సిగ్గుతో పరుగెత్తి తడి గట్టు మీద జారిపడ్డవాళ్ళను ఇద్దర్ని చూశాను. పడ్డాక అందరూ చుట్టూ మూగారు, ఇక చెప్పేదేముంది.

నీళ్ళలో ఉండగా ఒంట్లో ‘ఇబ్బంది’ వస్తే?

చల్లటి నీళ్ళలో సాధారణంగా రాదు. వస్తే నీళ్ళలోనే ఉండండి, రెండు లెంగ్తులు (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లెంగ్తు) ఈదండి, ఆయాసం దాని సంగతి చూసుకుంటుంది.

## నలుగురూ ఏమనుకుంటారు?

ఇది మన సంస్కృతి కాదంటున్నారు. నిజమేనా?

పొలంలో గోచీతో దుక్కి దున్నినవాళ్ళు, లంగోటా బిగించి కుస్తీ పట్టినవాళ్ళు మన ఊళ్ళవాళ్ళే. బావిలో ట్యూబు కట్టుకునో, ఎండిన సొరకాయ బుర్ర వీపుకు కట్టుకునో ఈత నేర్చిన పిల్లల ఒంటి మీద ఏముండేదో మీ నాన్నగారిని అడగండి. అంత వెనక్కి పోనక్కర్లేదు. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు పుష్కరాలు వచ్చినప్పుడు ఘాట్లలో మగవాళ్ళు డ్రాయర్ల మీదే మునిగారు. పక్కనే ఆడవాళ్ళున్నారు, పిల్లలున్నారు, టీవీ కెమెరాలున్నాయి. సంస్కృతి పోయిందని ఎవరూ అనలేదు.

అయితే మనకు అభ్యంతరం ఒంటి మీద గుడ్డ తక్కువయిందని కాదన్నమాట. నాకు తోచినంతలో రెండు కారణాలున్నాయి. ఒకటి, మన భాషలో గోచీ పేదరికానికి గుర్తయింది. ఏమీ లేనివాణ్ణి ‘గోచిపాతరాయుడు’ అంటాం. నెలకు రెండు వేలు ఫీజు కట్టి ఆ వేషం వేయడం ఏమిటని లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. రెండోది, పుష్కర స్నానానికి దేవుడి అనుమతి ఉంది, పూల్‌కు లేదు. అక్కడ మునిగేవాడు భక్తుడు, ఇక్కడ దిగేవాడు వట్టి మనిషి, అందుకే ఇక్కడ వాడి ఒళ్ళు కనిపిస్తుంది.

ఎదుటివాళ్ళ మాటలోనూ కొంత నిజం ఉంది. గోచీ వదులు గుడ్డ, ఆకారాన్ని మడతల్లో దాస్తుంది. లైక్రా దాచదు. అందుకే నేను దీన్ని నీళ్ళకూ గట్టుకూ పరిమితమైన పనిముట్టుగానే చూస్తాను. బ్రీఫ్ మీద చొక్కా తొడుక్కుని పూల్ బయట టీ బండి దగ్గర నిలబడేవాణ్ణి మాత్రం సమర్థించను.

ఆడవాళ్ళు కూడా ఉండే బ్యాచ్‌లో వేసుకోవచ్చా?

మన ఊళ్ళలో చాలా పూల్స్‌లో లేడీస్ బ్యాచ్ విడిగా ఉంటుంది. కలిపి ఉండే చోట కూడా బ్రీఫ్‌కు ఆటంకం లేదు, కాని గట్టు మీద ప్రవర్తన లెక్కలోకి వస్తుంది. నడుం మీద చేతులు పెట్టుకుని ముచ్చట్లు చెబుతూ నిలబడకండి, ఎవరి దారికీ అడ్డంగా ఒళ్ళు విరుచుకోకండి. మా బ్యాచ్‌లో ఒకావిడ ఓసారి సూటిగా చెప్పింది: “మీ కాస్ట్యూమ్‌తో మాకేం లేదన్నా, మీరు మమ్మల్ని చూడకుంటే చాలు.”

స్నేహితులు ఫొటో తీసి గ్రూపులో పెట్టి ఏడిపిస్తున్నారు. ఏం చేయాలి?

ఫొటో తీసేయమని ఒక్కసారి గట్టిగా చెప్పండి. పూల్ దగ్గర ఎవరు ఎవరికైనా చెప్పకుండా ఫొటో తీయడం తప్పే. మేనేజర్‌కు చెబితే చాలాచోట్ల ఫోన్లే ఆపేస్తారు. జోకులంటారా, మీరు నాలుగు లెంగ్తులు ఆగకుండా ఈదిన రోజు వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు.

కోచ్ బ్రీఫ్ తెమ్మన్నారు. మా అబ్బాయి వేసుకోనంటున్నాడు.

బలవంతం చేయకండి, జామర్ కొనివ్వండి. పోటీ నియమాలు రెంటినీ ఒప్పుకుంటాయి. పిల్లవాడు ఒంటి విషయంలో వద్దన్నాడంటే ఆ మాటకు ఇంట్లో విలువ ఉండాలి.

## బీచ్‌కూ, విదేశాలకూ వెళ్ళేవాళ్ళు

వైజాగ్ బీచ్‌లో వేసుకోవచ్చా?

వేసుకోవచ్చుగాని మీరొక్కరే ఉంటారు. ఆర్కే బీచ్‌లో జనం ప్యాంట్లు మడిచి మోకాలి లోతులో నిలబడతారు, ముంతమసాలా తింటారు. అక్కడ అలలు లోపలికి లాగుతాయి, అది ఈదే చోటు కాదు. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన రుషికొండలో కూడా షార్ట్సే మామూలు. నేను సముద్రానికి వెళ్తే బ్రీఫ్ మీద షార్ట్స్ వేసుకుంటాను, ఇసకా ఎండా చూపులూ మూడింటికీ అదే మందు.

ఫ్రాన్స్‌లో చదువుకోడానికి వెళ్తున్నాను. అక్కడ షార్ట్స్ ఒప్పుకోరట, నిజమా?

నిజమే. అక్కడి మునిసిపల్ పూల్స్‌లో వదులు షార్ట్స్‌తో వస్తే వెనక్కి పంపేస్తారు. ఒంటికి అతుక్కునే బ్రీఫో పొట్టి ట్రంకో ఉండాలి. చాలాచోట్ల టోపీ కూడా తప్పనిసరి. వాళ్ళు చెప్పే కారణం శుభ్రత: షార్ట్స్ అయితే రోజంతా వీధిలో తిరిగి అలాగే దిగుతారని. కొన్ని పూల్స్‌లో నాణేలు వేస్తే బ్రీఫ్ ఇచ్చే మెషీన్లు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో మర్యాద తక్కువ అనిపించిన గుడ్డ అక్కడ మర్యాదకు షరతు. సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఒకటి పెట్టుకోండి.

ఆస్ట్రేలియాలో అందరూ ఇవే వేసుకుంటారా?

అందరూ కాదుగాని ఇది పెరిగింది అక్కడే. స్కాట్లాండ్ నుంచి సిడ్నీకి వలస వచ్చిన అలెగ్జాండర్ మెక్రే 1914లో పెట్టిన అల్లిక మిల్లు నుంచే స్పీడో వచ్చింది. 1928లో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో బ్రీఫ్‌కు ఆ పేరే మారుపేరు. మనమిప్పుడు చూస్తున్న రూపాన్ని 1960 ప్రాంతంలో పీటర్ ట్రావిస్ అనే డిజైనర్ గీశాడు. నడుము వంగుతుంది, తుంటి వంగదు, అందుకని తుంటి మీద నిలిపాడు.

1961లో సిడ్నీ బోండై బీచ్‌లో వీటితో వచ్చిన మగవాళ్ళను ఆబ్ లెయిడ్‌లా అనే బీచ్ ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు. గుహ్య రోమాలు కనబడలేదు కాబట్టి అసభ్యత కిందికి రాదని కేసు కొట్టేశారు. తర్వాత సముద్రంలో జనాన్ని కాపాడే లైఫ్‌సేవర్లకు అదే గుర్తయింది. ప్రధానిగా చేసిన టోనీ అబాట్ కూడా లైఫ్‌సేవర్‌గా బ్రీఫ్‌లో కనిపించి, గౌరవమూ వెక్కిరింతా రెండూ మూటగట్టుకున్నాడు. అక్కడివాళ్ళు దీన్ని ‘బడ్జీ స్మగ్లర్’ అంటారు, అంటే చిలకపిట్టను దొంగతనంగా దాచి తెచ్చేవాడని. పట్టుకున్న దేశమే ఇష్టంగా వెక్కిరిస్తోంది.

అమెరికాలో ఎందుకు వింతగా చూస్తారు?

అక్కడ బ్రీఫ్ స్కూలు, కాలేజీ స్విమ్ టీమ్‌ది. బీచ్‌లోనూ అపార్ట్‌మెంట్ పూల్‌లోనూ మగవాళ్ళకు మోకాలి దాకా బోర్డ్ షార్ట్సే అలవాటు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు కమ్యూనిటీ పూల్‌కు ఒకసారి బ్రీఫ్‌తో వెళ్ళాడు. ఎవరూ ఏమీ అనలేదట, కాని యూరప్ నుంచి వచ్చారా అని ఒకాయన అడిగాడట. అలాంటి చోట్లకు జామర్ చాలు.

దీనివల్ల ఎక్కడైనా పోలీసు గొడవ అవుతుందా?

నీళ్ళ దగ్గర అరుదు, నీళ్ళు లేనిచోట అవుతుంది. 2016 అక్టోబరులో మలేసియా సెపాంగ్‌లో ఫార్ములా వన్ కార్ల పోటీ అయ్యాక తొమ్మిది మంది ఆస్ట్రేలియా కుర్రాళ్ళు బట్టలు విప్పి, మలేసియా జెండా బొమ్మ ఉన్న బ్రీఫ్‌లతో గంతులేశారు. నాలుగు రోజులు లాకప్‌లో ఉంచి, తప్పు ఒప్పుకున్నాక హెచ్చరించి వదిలేశారు. జెండా, జనం మధ్య, నీళ్ళ చుక్క లేదు: మూడు తప్పులు ఒకేసారి. గల్ఫ్‌లో ఉండేవాళ్ళు హోటల్ పూల్, బీచ్ దాటగానే పూర్తిగా బట్టలు వేసుకోవాలి.

## ఉతకడం, ఆరేయడం

ఎన్నాళ్ళు వస్తుంది?

రోజూ ఈదితే లైక్రా ఎక్కువున్నది కొద్ది నెలల్లో సాగిపోతుంది, లైక్రాను క్లోరిన్ తినేస్తుంది. పూర్తి పాలిస్టర్‌ది, పీబీటీ (అదీ ఒక రకం పాలిస్టరే) అని రాసి ఉన్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. గరుకు గట్టు మీద కూర్చున్నా వెనక భాగం అరుగుతుంది. నెలకోసారి లోపల చెయ్యి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. వేళ్ళు లెక్కపెట్టగలిగితే దాని రుణం తీరినట్టే.

తొడ సందుల్లో దురద వస్తోంది. బ్రీఫ్ వల్లేనా?

బ్రీఫ్ వల్ల కాదు, తడి బ్రీఫ్‌తో కూర్చోవడం వల్ల. ఈత అయ్యాక దాని మీదే ప్యాంటు వేసుకుని బండెక్కితే తామర పట్టుకుంటుంది. అక్కడే స్నానం చేసి, సందులు పొడిగా తుడుచుకుని పొడి బట్ట కట్టుకోండి. గుండ్రంగా ఎర్రటి మచ్చ పాకుతుంటే దుకాణంలో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ పూయకుండా చర్మం డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ కలిపిన క్రీములతో అది ఇంకా ముదురుతుంది.

వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా? బాల్కనీలో ఆరేస్తే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?

మెషీన్ వద్దు, వేడినీళ్ళు వద్దు, బ్రష్ వద్దు. ఇంటికి రాగానే కుళాయి నీళ్ళలో జాడించి, మెలిపెట్టకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. పాలిథిన్ కవర్లో చుట్టి సాయంత్రం దాకా మరిచిపోతే ఆ వాసన ఇక వదలదు.

మాది నాలుగో అంతస్తు. మొదట్లో మా ఆవిడ దాన్ని బాత్రూంలోనే ఆరేయమనేది. ఇప్పుడు బాల్కనీ తీగ మీద పిల్లల యూనిఫారం పక్కనే ఉంటుంది. క్లిప్పు మాత్రం పెట్టండి, అరచేతి బరువు కూడా ఉండదు కదా, గాలికి ఎగిరిపోతుంది. పోయిన వేసవిలో నాది ఎగిరి పార్కింగ్‌లో పడింది. వాచ్‌మన్ దాన్ని చీపురు పుల్ల చివర వేలాడదీసుకుని నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి బెల్ కొట్టి, “సార్, చిన్నబాబుదా ఇది?” అని అడిగాడు. అవునన్నాను.